కట్టని ర్యాంపు వార్త

జూన్ 3, మంగళవారం

ఈరోజు బాబాయిని మెట్ల మీద పడేయబోయారు. పడలేదు. పడలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.

నాన్న చంకల కింద పట్టుకున్నాడు. పక్కింటి టైలరు కాళ్ళ దగ్గర పట్టుకున్నాడు. లారీ ప్రమాదం తర్వాత ఇంటికొచ్చిన ఆ చక్రాల కుర్చీని వెనకాల ఖాళీగా మోసుకుంటూ నేను. ఆస్పత్రి మెట్లు ఆరే గానీ ఒక్కొక్కటీ మోకాలెత్తు. సగం దాటాక టైలరు చెప్పు జారింది. బాబాయి తల గోడ దాకా వెళ్ళి ఆగింది. వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారే "అయ్యయ్యో" అన్నారు. గోడ తగల్లేదు గానీ ఆ అయ్యయ్యో తగిలింది బాబాయికి.

"ఇన్నేళ్ళూ లారీకి లోడెత్తించాను. ఇప్పుడు నేనే లోడు" అన్నాడు లోపలికి వెళ్ళాక. నవ్వుతూనే అన్నాడు.

వ్యాయామం చేయించే మేడం మోకాలు వంచి చూసి మొహమాటం లేకుండా చెప్పింది. "వారానికి రెండుసార్లు రావాల్సిందే. మానేశారంటే కీలు బిగుసుకుపోతుంది. ఒకసారి బిగుసుకుందంటే ఇక నన్నడగొద్దు." బాబాయి బుద్ధిగా తల ఊపాడు. ఇంటికొచ్చి అమ్మతో, "వదినా, శుక్రవారం నేను వెళ్ళను" అన్నాడు.

"వెళ్ళకపోతే కాలేమవుతుంది?"

"కాలు నాది కదా."

"కాలు నీది. వండి పెట్టేది నేను" అంది అమ్మ. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సేవా క్లబ్బు విద్యార్థి విభాగంలో నేను చేరిందే దీని కోసం. ఆ ఆస్పత్రికి ర్యాంపు కట్టిస్తామని వాళ్ళ అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు మా కాలేజీలో మైకు ముందు చెప్పాడు. అదే మొదటి కారణం. వాళ్ళకి నెలనెలా వచ్చే వార్తాపత్రిక రాసేవాళ్ళు కావాలన్నది రెండో కారణం. ఏది పెద్ద కారణమో నా డైరీలో నేను రాసుకోనక్కర్లేదు.

జూన్ 5, గురువారం

క్లబ్బు సమావేశాలు పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక గదిలో. ఆ గదిలో ఒక మూల పాత దంతవైద్యపు కుర్చీ ఉంది, వెనక్కి వాలేది. అది కార్యదర్శి గారి సింహాసనం. ఆయనకి చెప్పుల షాపుంది. మైకు లేకుండానే వీధి చివరి దాకా వినిపిస్తాడు. మేమందరం ఆయన్ని 'గొంతు' అంటాం. నోరు తెరిచి వెనక్కి వాలి మాట్లాడుతుంటే ఎవరైనా వచ్చి పన్ను పీకేస్తారేమో అనిపిస్తుంది.

ఈ నెల పత్రికలో ఏమేం రావాలో చెప్పారు. మొక్కలు నాటడం, రక్తదానం, బడి సంచులు, ర్యాంపు.

"ర్యాంపు ఎప్పుడు కట్టారండీ?" అన్నాను.

"కడతాం. నెలాఖరులోపు."

"మరి వార్త?"

గొంతు కుర్చీలోంచి కదలకుండానే అందుకున్నాడు. "చూడమ్మాయ్. పత్రిక నెల మధ్యలో చేతికి రావాలి. ప్రెస్సువాడికి పదో తారీఖుకల్లా ఇచ్చెయ్యాలి. అయ్యాక రాద్దామంటే పాచిపోతుంది. అందుకని మేం అయిపోయినట్టే రాసుకుంటాం."

"కాకపోతే?"

"ఎందుక్కాదు? ఒకసారి వానొచ్చి రక్తదానం ఆగిపోయింది. పత్రికలో మాత్రం వచ్చేసింది, విజయవంతం అని. ఏం చేశాం? మర్నాడు మేమే వరస కట్టి ఇచ్చొచ్చాం. మా ఆవిడ కూడా ఇచ్చింది, పాపం, సూదంటే చచ్చేంత భయం." చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి లోపలి భాగం చూపించాడు, గుర్తు ఇంకా ఉన్నట్టు.

పళ్ళ డాక్టరు మెత్తగా అన్నాడు: "వార్త మనల్ని పరిగెత్తిస్తుందమ్మా. రాసేశాక ఇక చెయ్యక తప్పదు కదా!"

ఇంటికొచ్చేదాకా ఆ మాటే నమిలాను. రాసేశాక చెయ్యక తప్పదు. మాట ముందు, పని వెనక. మాటకి ఇంత బలం ఉందని నాకెవ్వరూ చెప్పలేదు ఇప్పటిదాకా.

జూన్ 6, శుక్రవారం

బాబాయి వెళ్ళలేదు.

జూన్ 8, ఆదివారం

మొక్కలూ సంచులూ అరగంటలో అయిపోయాయి. ర్యాంపు దగ్గర పొద్దంతా పట్టింది. పట్టాలి మరి. ఎన్నిసార్లు కొట్టేశానో.

"ఇన్నాళ్ళూ కొందరికి గోడలా నిలిచిన ఆ మెట్ల పక్క నుంచి ఇప్పుడొక దారి తాపీగా పైకి వాలింది."

'వాలింది' దగ్గర ఆగిపోయాను. పక్షి కిందికి వాలుతుంది, పొద్దు వాలుతుంది, ఎవరైనా మంచం మీద వాలతారు. పైకి వాలడం తప్పేమో. కానీ తీసేస్తే వాక్యం చచ్చిపోతోంది. ఉంచేశాను. కింద ఇంకో రెండు వాక్యాలు:

"మొన్నటిదాకా ఇద్దరు మోస్తే తప్ప పైకి రాలేని ఒక లారీ డ్రైవరు, ఎవరి చెయ్యీ అందుకోకుండా, తన చేతులతో తన చక్రాలు తిప్పుకుంటూ పైకి వచ్చారు. వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు."

చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. బాబాయికి చూపించలేదు. అచ్చయ్యాక చూస్తే ఇంకా సంబరపడతాడు.

జూన్ 10

ఇవాళ కూడా వెళ్ళలేదు. అమ్మ ఇంట్లోనే మోకాలు వంచబోయింది. ఆయన అరిచిన అరుపుకి టైలరు మిషను ఆపి పరిగెత్తుకొచ్చాడు.

ర్యాంపు వస్తే అన్నీ సర్దుకుంటాయి.

జూన్ 16, సోమవారం

పత్రిక వచ్చింది! నా వాక్యం ఒక్క అక్షరం పోకుండా ఉంది. పళ్ళ డాక్టరు అందరి ముందూ రెండుసార్లు చదివాడు. గొంతు అయితే కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చదివాడు. వరండాలో లేచి నిలబడినవాళ్ళలో తనూ ఒకడన్నట్టు. "ఇది చదివితే రాళ్ళే వచ్చి ర్యాంపు కట్టుకుంటాయి" అన్నాడు.

ఆస్పత్రి నోటీసు బోర్డు మీద ఒకటి అంటించాం. ఆ మెట్లెక్కుతుంటే నవ్వొచ్చింది. ఇంక ఎన్నాళ్ళు మీ పొగరు, అన్నాను వాటితో.

బాబాయి చదివాడు. రెండోసారి కూడా చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు.

"బావుందా?"

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి" అన్నాడు.

సంబరం ఎక్కువైతే ఆయన అలాగే మాట్లాడతాడు.

జూన్ 20, శుక్రవారం

మేస్త్రీ వచ్చాడని తెలిసి కాలేజీ ఎగ్గొట్టి పరిగెత్తాను.

మేస్త్రీ ఉన్నాడు. ఇసుక ఉంది. సిమెంటు ఉంది. మెట్ల పక్కన, సరిగ్గా ర్యాంపు మొదలవ్వాల్సిన చోట, నడుమెత్తు దిమ్మె కట్టి దానికి నల్లరాతి ఫలకం బిగిస్తున్నాడు. "ఈ ర్యాంపు సేవా క్లబ్బు వారి కానుక." కింద అధ్యక్షుడూ కార్యదర్శీ, వాళ్ళ హోదాలతో సహా, బంగారు రంగులో.

"ర్యాంపేదండీ?"

"నాకు చెప్పింది ఇదే పాపా. రాయి పెట్టమన్నారు, పెట్టాను. రేపట్నించీ నాకు వేరే ఊళ్ళో పని."

గొంతుకి ఫోన్ చేశాను. చెవికి దూరంగా పెట్టుకుని విన్నాను, ఎప్పట్లాగే. "అరే, వచ్చే శుక్రవారం పెద్దావిడ వస్తోందమ్మాయ్! అన్ని ఊళ్ళ క్లబ్బులకీ అధ్యక్షురాలు! ఉత్తమ సేవా షీల్డు ఎవరికివ్వాలో ఆవిడే చూస్తుంది. ఆవిడ వచ్చేసరికి ఫలకమన్నా లేకపోతే ఎలా? ర్యాంపుదేముంది, రెండ్రోజుల పని, తర్వాత చూసుకుందాం."

ర్యాంపుదేముంది!

ఇంటికొస్తూ దారిలో కనిపించిన ప్రతి రాయినీ తన్నాను. బొటనవేలు వాచింది. వాచనీ.

జూన్ 24, మంగళవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. పెన్ను పట్టుకుంటే విరిచేసేలా ఉన్నాను. అయినా రాస్తాను.

బాబాయి రానన్నాడు కాబట్టి వ్యాయామం మేడంని అడిగి, ఇంట్లో ఏం చెయ్యాలో కనుక్కొద్దామని నేనే ఆస్పత్రికి వెళ్ళాను. నర్సమ్మ నన్ను చూడగానే, "మీ క్లబ్బు చల్లగా ఉండాలి" అంది. దీవించినట్టు లేదు.

జరిగింది ఇది. ర్యాంపు కావాలని నర్సమ్మ మునిసిపాలిటీ చుట్టూ ఎన్నాళ్ళనుంచో తిరుగుతోంది. చివరికి మంజూరైంది. శనివారం పొద్దున వాళ్ళ మేస్త్రీలు ట్రాక్టరు నిండా ఇటుకలేసుకుని వచ్చారు. నర్సమ్మ ఆ రోజు సెలవు. వాళ్ళు ఫలకం చూశారు. బోర్డు మీద పత్రిక చూశారు. ర్యాంపు కోసం ఆస్పత్రి చుట్టూ తిరిగారట కూడా, ఏ వెనక వైపో కట్టారేమోనని. తర్వాత ఎవరికో ఫోన్ చేసి, ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయారు.

నేను అక్కణ్ణించి నేరుగా మునిసిపాలిటీకి వెళ్ళాను. ఇంజనీరు మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు.

"అది అయిపోయింది కదమ్మా. మీ క్లబ్బే కట్టించింది. చదివాను కూడా. ఆ ఇటుకలు బడి గోడకి పంపించేశాం."

"కట్టలేదండీ."

"కట్టలేదా?" ఆయన బల్ల సొరుగులోంచి పత్రిక తీశాడు. దాచుకున్నాడు! "ఇదిగో, లారీ డ్రైవరు ఎక్కాడని కూడా ఉంది. ఎవరో గానీ చాలా బాగా రాశారు. మా ఆవిడకి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది."

ఆయన పత్రిక మడిచి మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"కట్టలేదని మీ క్లబ్బు చేత ఒక ముక్క రాయించుకురా తల్లీ. సాయంత్రానికి మనుషుల్ని పంపిస్తాను. వాళ్ళు కట్టామంటుంటే, లేదని నేనెలా అనేది?"

ఎంత మోసం! మేస్త్రీ మోసం, గొంతు మోసం, ఒక్కసారి తలెత్తి ర్యాంపు ఉందో లేదో చూడని మునిసిపాలిటీ మోసం, సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టిన నర్సమ్మ కూడా. ఎవరికి అప్పజెప్పిన పని వాళ్ళు చేసి ఉంటే ఇదంతా జరిగేదా? నేను చేశాను. రాయమన్నారు, రాశాను. బాగా రాశాను. బాగా రాయడం తప్పా?

జూన్ 25, బుధవారం

సమావేశం. నేను లేచి నిలబడి, కట్టలేదని ఒక ముక్క రాసివ్వమని అడిగాను. అడిగాను అని ఇప్పుడు రాస్తున్నాను గానీ అరిచాను.

"పెద్దావిడ ఎల్లుండి వస్తోంది. ఈ లోపల కట్టలేదని మన చేత్తో మనమే రాసివ్వాలా?" అన్నాడు పళ్ళ డాక్టరు. "శనివారం రాసిస్తాను. నా మాట."

"మీ మాట రాతి మీద చెక్కించారు కదండీ, చూశాను."

గొంతు కుర్చీ మీట నొక్కి నిటారుగా లేచాడు. "ఏంటమ్మాయ్ ఆ మాటలు? సొంత పని మానుకుని తిరుగుతున్నాం మేం. రక్తం ఇచ్చాం. నువ్వేం ఇచ్చావు? పెన్ను పట్టుకుని రెండు ముక్కలు గీకావు."

"ఆ రెండు ముక్కలే అంటించుకున్నారు ఊరంతా!"

"అబద్ధం రాయమన్నామా? ముందుగా రాయమన్నాం. లారీ డ్రైవరు, వరండా, లేచి నిలబడటం... ఇవన్నీ మేం చెప్పామా? కట్టడం మా వంతు, ఒప్పుకుంటా. మనిషిని ఎక్కించింది మాత్రం నువ్వే."

తలుపు ధడాలున వేసి వచ్చేశాను. ఆయన మాటకి సమాధానాలు ఇంటికొచ్చేదాకా పది తట్టాయి. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

జూన్ 26, గురువారం

కాలేజీ నుంచి వచ్చేసరికి మా ముందుగదిలో గొంతు. అమ్మ టీ ఇచ్చింది. పైగా బిస్కెట్లు! రేపు పెద్దావిడ వచ్చినప్పుడు బాబాయి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉండాలట. క్లబ్బు కుర్రాళ్ళే పొద్దున వచ్చి జాగ్రత్తగా పైకి చేరుస్తారట. ఒక్క ఫొటో. మెట్లు పడకుండా తీస్తారట. ఆ తర్వాత మళ్ళీ దింపేస్తారట.

బాబాయి ఎలా తిడతాడో చూద్దామని తలుపు దగ్గరే నిలబడ్డాను.

"సరే" అన్నాడు బాబాయి.

గొంతు వెళ్ళేదాకా ఎలాగో ఆగాను. "సరేనా? నీకు సిగ్గు లేదా బాబాయ్? వాళ్ళ అబద్ధానికి నువ్వు సాక్ష్యమా?"

"రేపు శుక్రవారం. వ్యాయామం రోజు. ఎలాగూ వాళ్ళే మోస్తారు, మీ నాన్న నడుమన్నా దక్కుతుంది."

"అది కాదు! వాళ్ళు నిన్ను వాడుకుంటున్నారు."

బాబాయి కుర్చీ చక్రాలు పట్టుకుని గిర్రున నా వైపు తిప్పాడు. లారీ తిప్పినట్టే. "వాళ్ళు అడిగి వాడుకుంటున్నారే. ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని, టీ తాగి మరీ అడిగారు. నువ్వు నన్నడిగావా? ఎవర్నడిగి ఎక్కించావ్ నన్ను?"

"నీ కోసమే రాశాను."

"నా కోసమా? ఎక్కలేక నేనిక్కడ చస్తుంటే, ఎక్కేశానని ఊరంతా చదువుకున్నారు. టైలరొచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు, ఎప్పుడెక్కావు నాకు చెప్పలేదే అని. ఏం చెప్పమంటావ్?"

"బాబాయ్..."

"పో. చదువుకో పో."

చదువుకోలేదు. ఇది రాస్తున్నాను. ఆయనకి అర్థం కాదు. నొప్పిలో ఉన్నాడు, అందుకే అలా అంటున్నాడు. నా కోపం ఆయన మీద కాదు. నా కోపం ఎవరి మీదో నాకు బాగా తెలుసు.

జూన్ 27, శుక్రవారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను.

క్లబ్బు కుర్రాళ్ళు నలుగురు బాబాయిని కుర్చీతో సహా పైకెత్తారు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పైకి చేరాక కళ్ళు తెరిచి, చొక్కా సర్దుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వ్యాయామం మేడం మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదు. "ఫొటోలు తర్వాత" అని లోపలికి తీసుకుపోయింది. మూడు వారాలు మానేసినందుకు ఆమె పెట్టిన చీవాట్లు వరండా దాకా వినిపించాయి. బాబాయి కేకలు కూడా.

పెద్దావిడ పదకొండింటికి వచ్చింది. ఎప్పుడో బడిలో పెద్దపంతులమ్మగా చేసిందట, చూస్తేనే తెలుస్తుంది. అందరి చేతుల గోళ్ళూ చూసేటట్టు ఉంది. చేతికర్రతో మెట్లన్నీ నెమ్మదిగా ఎక్కి, ఆయాసపడుతూ బెంచీ మీద కూర్చుంది. ఆవిడ చేతిలో మా పత్రిక.

"మెట్లెందుకెక్కించారయ్యా నన్ను? ర్యాంపు మీద రానివ్వకపోయారా?" అంది.

"అది... అటువైపు ఇంకొంచెం తుదిమెరుగులు..." అన్నాడు పళ్ళ డాక్టరు. గొంతుకి సరిగ్గా ఇవాళే గొంతు పోయింది.

గబగబా ఫొటో తీశారు. బాబాయి పక్కన పెద్దావిడ, ఇటు డాక్టరు, అటు గొంతు. బాబాయి నవ్వాడు కూడా. పళ్ళన్నీ కనిపించేలా. తర్వాత క్లబ్బు కుర్రాళ్ళు నలుగురూ వచ్చి కుర్చీకి నాలుగు వైపులా వంగారు.

"చేతులు తియ్యండి" అన్నాడు బాబాయి.

"దింపుతామండీ."

"ఎందుకూ? ర్యాంపుంది కదా. నేనే దిగుతాను."

కుర్రాళ్ళు గొంతు వైపు చూశారు. గొంతు వంగి, మొదటిసారి చిన్నగా, "డ్రైవరు గారూ, బాగుండదు..." అన్నాడు.

"ఏం బాగుండదు సార్? పత్రికలో ఉంది. రాతి మీద ఉంది. నేను ఎక్కొచ్చిన దారే కదా, నాకు తెలియదా?" బాబాయి అరవలేదు. చాలా మర్యాదగా, రోడ్డు మీద ఎవరినో దారి అడుగుతున్నట్టు అన్నాడు. "ఎటుందో చూపించండి చాలు. బండి నేను తీసుకుంటాను."

పెద్దావిడ లేచింది. చేతికర్ర పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. వంగి ఈ పక్కకి చూసింది. ఆ పక్కకి చూసింది. మేస్త్రీలు ట్రాక్టరుతో వచ్చిన రోజు ఇలాగే వెతికి ఉంటారు. తిరిగొచ్చి పత్రిక తెరిచింది.

"ఇది రాసిందెవరు?"

పళ్ళ డాక్టరు చూపు నా మీదికి రాబోయి ఆగింది. ఆగింది, నిజమే రాయాలి. "క్లబ్బు తరఫునండీ" అన్నాడు.

వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. నా వెనక నోటీసు బోర్డు ఉంది.

"నేనండీ" అన్నాను.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "చదివితే ఏడుపొచ్చింది నాకు" అంది. "ఎంత పాడుపని చేశావే!"

ఇన్ని రోజులుగా నాతో అందరూ బాగా రాశావనే అన్నారు. 

అందరూ వెళ్ళిపోయారు. షీల్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం నాన్నా టైలరూ వచ్చినా బాబాయి కదల్లేదు. "ర్యాంపు మీదే దిగుతా" అన్నాడు. నాన్న బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. చివరికి నర్సమ్మ వార్డులో ఖాళీగా ఉన్న మంచం చూపించింది. "ఉండనివ్వండి. నేను మునిసిపాలిటీ చుట్టూ తిరిగినన్నాళ్ళు ఉంటాడా ఏంటి" అంది.

జూన్ 28

ర్యాంపు కట్టలేదని పళ్ళ డాక్టరు రాసిచ్చాడు. నేనే తీసుకెళ్ళి ఇంజనీరుకి ఇచ్చాను. ఆ వార్త ఎవరు రాశారో కూడా చెప్పాను. ఆయన పత్రిక సొరుగులోంచి తీసి నా ముందు పెట్టాడు. ఏదైనా అంటే బాగుండేది.

జూలై 1, మంగళవారం

ఇటుకలొచ్చాయి. ఫలకం దిమ్మె దారికి అడ్డమైంది. ర్యాంపు దాని ఇవతలే కట్టేస్తే సరిపోతుందని గొంతు అన్నాడు. వ్యాయామం మేడం కిందికి దిగొచ్చి, "అంత నిటారుగా కడితే అది ర్యాంపు కాదు, జారుడుబండ. ముందు మీరెక్కి చూపించండి" అంది. గొంతు కాసేపు ఫలకం వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా విప్పి పక్కన పెట్టి, గునపం తనే తీసుకున్నాడు. దిమ్మె పగిలింది, రాయి రెండు ముక్కలైంది. పళ్ళ డాక్టరు పేరు ఒక ముక్కలో, గొంతు పేరు ఒక ముక్కలో.

ఆయన మీద జాలి పడ్డానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు ఇంకా మండుతూనే ఉంది.

జూలై 4

సిమెంటు వేశారు. ఐదు రోజులు తడపాలట. బాబాయి పైనుంచి కుర్చీలో కూర్చుని మేస్త్రీలకి సలహాలిస్తున్నాడు. "ఆ మలుపు ఇంకాస్త వెడల్పు, తమ్ముడూ. నా బండికి వెనక ట్రైలరు లేదు గానీ ఒళ్ళుంది."

పైనే ఉండటం వల్ల మేడం ఆయన్ని రోజూ పట్టుకుంటోంది. మోకాలు ఇదివరకటి కన్నా వంగుతోందట. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్తే తీసుకుంటాడు. బావుందంటాడు. అంతే.

జూలై 7, సోమవారం

పళ్ళ డాక్టరు ఇంటికే వచ్చాడు. కొత్త పత్రిక ఎల్లుండి ప్రెస్సుకి వెళ్ళాలి. "ఈసారి నిజమే కదమ్మా. ర్యాంపు కళ్ళెదురుగా ఉంది. ఆయన బుధవారం దిగుతారు. రాసేస్తే..."

"ఆయన దిగాక రాస్తాను."

"ఒక్క రోజే కదా తేడా!"

"ఆ ఒక్క రోజే" అన్నాను. అమ్మ వంటగదిలోంచి తొంగి చూసింది, ఇంత పెద్ద గొంతు నాదేనా అని.

నా వార్త ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంచమని రేపు ప్రెస్సుకి వెళ్ళి చెప్పాలి. బుధవారం నేను అక్కడ ఉంటాను. ర్యాంపు చివర, కింద, కళ్ళు ఆర్పకుండా. చూసిందే రాస్తాను. ఒక్క ముక్క కూడా ఎక్కువ రాయను.

జూలై 8, మంగళవారం

బాబాయి ఇవాళే దిగాడు.

నేను ప్రెస్సులో ఉన్నాను. ఖాళీగా వదిలితే పేజీ కట్టడం కుదరదని ప్రెస్సాయనా, కుదరాల్సిందేనని నేనూ. గెలిచాను. గెలిచి ఇంటికొస్తే ముందుగదిలో బాబాయి కూర్చుని అమ్మతో దెబ్బలాడుతున్నాడు, టీలో చక్కెర తక్కువైందని.

ఆరింది చాలని మేస్త్రీ అన్నాడట. అంతే, ఇక ఆగలేదట. "పద అన్నయ్యా" అని నాన్ననొక్కణ్ణే పిలిచి దిగిపోయాడట. నాన్న ఆ సమయంలో సామాను సంచీ వెతుక్కుంటూ లోపలున్నాడు, తనూ చూడలేదు. నర్సమ్మ చూసింది. మలుపు దగ్గర ఆగాడని అంటుంది. టైలరు ఎదురొచ్చాడు, ఎక్కడా ఆగలేదంటాడు. చప్పట్లు కొట్టారా అంటే, ఎవరు కొడతారు, అందరూ మందుల కిటికీ దగ్గర వరసలో ఉన్నారు అంది నర్సమ్మ. ఎవరూ లేచి నిలబడలేదు.

"ఎలా దిగావు బాబాయ్? మొదట్నించీ చెప్పు."

టీ తాగడం పూర్తి చేశాడు. కప్పు కింద పెట్టాడు.

"నువ్వు ముందే రాసేశావు కదా. అదే చదువుకో."

లోపలికి వచ్చి తలుపేసుకున్నాను. ఈసారి నెమ్మదిగానే వేశాను. ఎవరి మీద విసిరికొట్టాలో తెలియలేదు.

రెండు వారాల కిందట రాసిన పేజీ తీసి చదివాను. మేస్త్రీ మోసం, గొంతు మోసం, మునిసిపాలిటీ మోసం, నర్సమ్మ. అందరి కిందా గీతలు గీసి ఉన్నాయి. ఇంక మిగిలింది ఒక్కరే. ఆ పేజీలో ఆ ఒక్కరి పేరు లేదు.

జూలై 9

వార్త:

"ఆస్పత్రికి ర్యాంపు కట్టారు. మునిసిపాలిటీ కట్టింది. పోయిన నెల పత్రికలో వచ్చింది అబద్ధం. అది రాసింది నేను."

పళ్ళ డాక్టరు చాలాసేపు చూశాడు. "మరీ పొడిగా ఉంది" అన్నాడు. గొంతు ఆయన చేతిలోంచి తీసుకుని, "ఉండనీ" అన్నాడు. కాగితం నాకు తిరిగిస్తూ, "కట్టకముందే ఫలకం పెట్టామని కూడా రాయి. అది నా పని" అన్నాడు. రాశాను. ఆయన మీద కోపం తగ్గిందా అంటే, లేదు. కానీ ఇప్పుడు ఆ కోపం కొంచెం చోటిచ్చి పక్కకి జరిగింది, నా కోసం.

జూలై 11, శుక్రవారం

వ్యాయామం రోజు. నాన్నకి డ్యూటీ. "నేనొస్తాను" అన్నాను. బాబాయి వద్దనలేదు.

ర్యాంపు కింద కుర్చీ ఆపాడు. చొక్కా చేతులు మడిచాడు. దిగడం వేరు, ఎక్కడం వేరు. ఇప్పటిదాకా ఆయన ఎక్కలేదు. ఎవరూ చూడటం లేదు. వరండాలో ఒక పసిపిల్ల ఏడుస్తోంది, వాళ్ళమ్మ దాన్ని సముదాయిస్తోంది.

మొదటి సగం బాగానే పోయింది. మలుపు దగ్గర కుర్చీ ఆగింది. చక్రం తిప్పుతున్నాడు, ముందుకి జానెడు వెళ్తే వెనక్కి బెత్తెడు వస్తోంది. మెడ నరాలు తేలాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నాకు తెలియకుండానే నా చేతులు కుర్చీ పిడుల మీదికి వెళ్ళాయి.

"తియ్యి" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"జారిపోతావ్ బాబాయ్."

"జారితే జారతాను. నువ్వెక్కించకు. తియ్యి చెయ్యి!"

ఆయన అరుపుకి పైన పసిపిల్ల ఏడుపు ఆపేసింది. నాకూ ఏడుపు వచ్చింది, ఒళ్ళంతా మండే ఏడుపు. ఒక అడుగు వెనక్కి వేసి, కుర్చీ జారితే అడ్డంగా నిలబడేలా కాళ్ళు బిగించి నిలబడ్డాను.

చేతులు మాత్రం తీశాను.